మందుల అలమర నుంచి నృత్యశాల దాకా: బ్రిటన్ యువతరంలో యాంఫెటమైన్

1960ల బ్రిటన్‌లో యువతరం వాడిన మత్తుపదార్థాలలో గంజాయి దొంగరవాణాలో దేశంలోకి వచ్చేది. యాంఫెటమైన్ మాత్ర మాత్రం పేరున్న ఔషధ కంపెనీలో తయారై, వైద్యుడు రాసిన చీటీ మీద ఇళ్లకు చేరి, ఆ ఇళ్ల నుంచే వీధిన పడింది. అందుచేత ఈ దురలవాటు చరిత్రను యువకుల ప్రవర్తనతో కాక, ఆ మాత్ర నడిచిన దారితో మొదలుపెట్టడం సమంజసం.

రుమేనియాకు చెందిన లజార్ ఎడెలియాను 1887లో బెర్లిన్‌లో తొలిసారి తయారుచేసిన ఈ పదార్థానికి నాలుగు దశాబ్దాల పాటు ఎవరూ ప్రయోజనం కనిపెట్టలేదు. 1929లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త గోర్డన్ ఆలెస్ తన శరీరం మీదనే పరీక్షించుకొని దీని ప్రభావాన్ని గుర్తించగా, 1930లలో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా, ఆ తర్వాత మాత్రలుగా, బెంజెడ్రిన్ పేరుతో అమ్మింది. ఇది మెదడులో డోపమైన్, నోరడ్రినలిన్ అనే సంకేత రసాయనాలను మోతాదుకు మించి విడుదల చేయించి నిద్రను, ఆకలిని అణచివేస్తుంది. అయితే ఆ హుషారు అప్పు తెచ్చుకున్న సొమ్ము వంటిది కనుక, ప్రభావం దిగిపోయాక నీరసం, దిగులు వడ్డీతో సహా వచ్చిపడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సేనలకు సుమారు 7.2 కోట్ల బెంజెడ్రిన్ మాత్రలు అందాయన్న లెక్కను బట్టి, నిద్రను జయించే మందుగా దీనికి మొదట గౌరవం కల్పించింది ప్రభుత్వమేనని తెలుస్తుంది.

యుద్ధం ముగిసి 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన తరువాత, ఈ మందు సైనికుల చేతుల నుంచి గృహిణుల చేతుల్లోకి మారింది. డెక్స్‌యాంఫెటమైన్‌కు, దాని అలజడిని తగ్గించడానికి నిద్రమందు జాతికి చెందిన బార్బిచ్యురేట్‌ను కలిపి తయారుచేసిన డ్రైనమిల్‌ను దిగులుకూ, ఒళ్లు తగ్గడానికీ వైద్యులు ధారాళంగా రాశారు. 1959లో ఆరోగ్య సేవ కింద రాసిన మందుచీటీలలో దాదాపు 2.5 శాతం యాంఫెటమైన్, దానిని పోలిన మందులవే. అంతకు ముందు సంవత్సరమే మనోవైద్యుడు పి. హెచ్. కానెల్, ఈ మందు వాడినవారిలో తమను ఎవరో వెంటాడుతున్నారనే భ్రమలతో కూడిన ఉన్మాదం కలుగుతుందని, పైకి అది స్కిజోఫ్రెనియాలాగే కనిపిస్తుందని 42 మంది రోగుల వివరాలతో గ్రంథం వెలువరించాడు. ఆ హెచ్చరిక వెలువడినా చీటీల జోరు వెంటనే తగ్గలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే నిర్బంధ సైనిక సేవ రద్దయి, చేతినిండా పని, జేబులో జీతం ఉన్న కొత్త తరం ఎదిగివచ్చింది. వీరిలో మాడ్స్ అనే వర్గం గుమాస్తా పనులు, చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ, ఇటలీ తరహా బిగువు సూట్లు తొడిగి, వెస్పా, లాంబ్రెట్టా స్కూటర్ల మీద తిరిగేది. శుక్రవారం సాయంత్రం పని దిగినది మొదలు సోమవారం ఉదయం దాకా ఉన్న సమయాన్ని నిద్రకు వదులుకోవడం వారికి ఇష్టముండేది కాదు. లండన్ సోహో ప్రాంతంలోని వార్డర్ స్ట్రీట్‌లో ఫ్లమింగో, హామ్ యార్డ్‌లో సీన్ వంటి క్లబ్బులలో అమెరికన్ నల్లజాతీయుల సంగీతానికి తెల్లవార్లూ నర్తించడానికి వారికి కావలసింది మైకం కాదు, మెలకువ. ఇంట్లో తల్లి అలమరలో ఉన్న సీసాయే కావచ్చు, మందుల దుకాణంలో దొంగిలించినదే కావచ్చు, మూడు మూలలు కొద్దిగా ఒంపు తిరిగి, నడుమ విరవడానికి గాడి ఉన్న ఆ నీలి డ్రైనమిల్ మాత్ర పర్పుల్ హార్ట్ అనే పేరుతో చేతులు మారింది.

1964 ఆరంభంలో లండన్ పత్రికలు సోహో మాత్రల వ్యాపారాన్ని పతాక శీర్షికలకెక్కించాయి. ఆ ఈస్టర్ సెలవుల్లో క్లాక్టన్ సముద్రతీరంలోను, మే నెలలో బ్రైటన్, మార్గేట్‌లలోను యువకుల ముఠాల మధ్య గొడవలు జరగడంతో, ప్రజల మనసులో మాత్రలు, స్కూటర్లు, అల్లర్లు ఒకే చిత్రంగా కలిసిపోయాయి. సమాజం ఒక వర్గాన్ని తన విలువలకు ముప్పుగా ఊహించుకొని, ఉన్న దానికి మించి భయపడే స్థితికి నైతిక భీతి అని పేరు. స్టాన్లీ కోహెన్ 1972లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం ఈ భావనను వివరించింది ఆ తీరప్రాంత ఘటనల ఆధారంగానే. హోమ్ మంత్రి హెన్రీ బ్రూక్ హయాంలో 1964లోనే వచ్చిన ఔషధ దుర్వినియోగ నిరోధక చట్టం, అనుమతి లేకుండా యాంఫెటమైన్ దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేసింది. వైద్యుడి చీటీ ఉన్నవారికి మాత్రం అదే మాత్ర చట్టబద్ధంగానే అందుతూ వచ్చింది.

చట్టం వచ్చాక సోహో వెలుగు తగ్గినా, ఈ అలవాటు ఉత్తరాది పారిశ్రామిక పట్టణాలలో కొనసాగింది. మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్, ఆ తరువాత 1973 నుంచి 1981 వరకు నడిచిన విగన్ కసీనో, నార్తర్న్ సోల్ అనే నృత్య సంస్కృతికి కేంద్రాలయ్యాయి. మద్యం ప్రమేయం లేకుండా వేగవంతమైన పాటలకు తెల్లవారేదాకా నర్తించే ఆ రాత్రుల కోసం కొందరు మందుల దుకాణాలకు కన్నం వేసేవారు; ఒంటికి అలవాటైన కొద్దీ మోతాదు పెంచవలసి వచ్చేది, సోమవారం నాటికి నీరసం, అనుమానాలు మిగిలేవి.

సరఫరాకు మూలంలోనే అడ్డుకట్ట వేసిన సందర్భమూ ఒకటి ఉంది. సూదిమందుగా వాడుతున్న మిథైల్ యాంఫెటమైన్‌ను 1968లో చిల్లర మందుల దుకాణాలకు పంపకుండా ఆసుపత్రులకే పరిమితం చేయడానికి తయారీదారులు అంగీకరించడంతో, లండన్‌లో ఆ వాడకం త్వరలోనే తగ్గుముఖం పట్టింది. 1971 చట్టం యాంఫెటమైన్‌ను రెండో శ్రేణి నిషిద్ధ పదార్థాలలో చేర్చింది. వైద్యులు చీటీలు రాయడం తగ్గించారు. కర్మాగారపు మాత్రల స్థానంలోకి రహస్య ప్రయోగశాలలలో తయారైన కల్తీ పొడి వచ్చింది. యువతరం దోషమని పేరుపడిన ఈ చరిత్రలో వైద్యవ్యవస్థకూ, పరిశ్రమకూ ఉన్న వాటాను చట్టం చాలా ఆలస్యంగా లెక్కలోకి తీసుకుంది. ఆలోగా గిరాకీ స్థిరపడిపోవడంతో, చీటీలు తగ్గించినంత మాత్రాన దానిని మాన్పించడం సాధ్యం కాలేదు.