వేఁటకుక్క పోఁదగిన దూరము

రాజమహేంద్రవరమున 11వ శతాబ్దమునందు రాజరాజనరేంద్రుని యాస్థానకవి యగు నన్నయభట్టు తెనిఁగించిన యాదిపర్వములో నొక వేఁటకుక్క కలదు. కురుపాండవకుమారులు వేఁటకుఁ బోయినప్పు డా కుక్క తనవారిని విడిచి యేకలవ్యుని కడకుఁ బోయి మొఱిగెను. నోట నేడు బాణములతో మరలి వచ్చెను. ఈ ఘట్టమునఁ బండితులు విలువిద్యానైపుణ్యమునే చూతురు. వేఁట నెఱిఁగినవాఁడు మఱియొక ప్రశ్న వేయును: కుక్క వేఁటకానికి నెంత యెడముగా నుండవచ్చును?

దీనికి సమాధాన మొక్కటి కాదు. కుక్క చేయు పని, వేఁటకాని చేతి సాధనము, నేల తీరు అను మూఁడింటిని బట్టి దూరము నిర్ణయింపవలెను.

పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేఁటయు, ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమునఁ దిన్నని వేఁటయుఁ బ్రసిద్ధములు. అందలి జాగిలములు పందులను, లేళ్లను దఱిమి పట్టునవి. మృగ మెంత దూరము పరుగెత్తిన నవియు నంత దూరము పోవలెను. ఆ పనిలో దూరము దోషము కాదు, గుణము. పక్షుల వేఁట మార్గము వేఱు. డేగ, సాళువ, వల, ఉచ్చు అందు సాధనములు. మచ్చికచేసిన పక్షిని దీమముగా నుంచి తక్కినవానిని రప్పించుటయుఁ గలదు. 1126 మొదలు 1138 వఱకు నేలిన పశ్చిమచాళుక్యరాజు మూఁడవ సోమేశ్వరుఁడు మానసోల్లాసమున సారమేయవినోదమును, శ్యేనవినోదమును వేఱువేఱు ప్రకరణములుగాఁ జెప్పెను.

పక్షి జాడ పట్టి, దానిని లేపక, కదలక నిలిచి చూపు కుక్క మూఁడవ తెగది. 1570లో జాన్ కేయస్ లాటినుభాషలో వ్రాసిన యాంగ్లదేశపు శునకముల గ్రంథమున నిట్టి కుక్క ప్రసక్తి కలదు. అది పక్షి యున్నచోటు చూపఁగా వేఁటకాఁడు వల పఱచును. తరువాతి కాలమున వలకు బదులు తుపాకి వచ్చెను. రవ్వల తుపాకి దెబ్బ యించుమించు 40 గజములు దాఁటినఁ బనికిరాదు. కావునఁ బక్షిని లేపు కుక్క యా మేరలోపలనే యుండవలెను. నిలిచి చూపు కుక్క కా కట్టుబాటు లేదు. యజమానుఁడు వచ్చువఱకు నిలువఁగల దేని, కనుచూపుమేర పోవచ్చును. 1865లో బెడ్‌ఫర్డుషైరు సీమయందలి సౌత్‌హిల్లున నిట్టి కుక్కలకుఁ బోటీపరీక్ష జరిగెను.

అయినను పక్షిస్వభావమును, నేలయు నీ సూత్రమును మార్చును. పూరేడు కాలిక్రిందికి వచ్చువఱకు నడఁగియుండును; కుక్క దూరమున నిలిచినను నష్టము లేదు. కౌఁజు ఎగురుటకంటెఁ బరుగునే కోరును. వేఁటకాఁడు చేరులోపల నది పొదలు మాఱును. రాజమహేంద్రవరమునకు నుత్తరపు మెట్టలలోఁ గోఁతలైన చేలయందుఁ గుక్క దూరమునకుఁ గనఁబడును. గోదావరి లంకల ఱెల్లుదుబ్బులలో నిరువది గజములకే మఱుఁగగును. మెట్టలో నేర్పనిపించు దూరమే లంకలో లోపమగును.

1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టమునకు 1991లో జరిగిన సవరణచేఁ బూరేళ్ల వేఁటయుఁ, గౌఁజుల వేఁటయు నిషిద్ధములైనవి. పక్షులకది మేలు. కాని వేఁట నెఱిఁగినవా రరుదగుకొలఁదిఁ గావ్యములందలి వేఁటపద్యములకు వ్యాఖ్యానము చెప్పు భారము పండితులదే యగుచున్నది. జాగిలమనఁగా వేఁటకుక్క యని యర్థము వ్రాసి యూరకున్నఁ జాలదు. అది తఱుమునదో, లేపునదో, నిలిచి చూపునదో విద్యార్థికిఁ జెప్పవలెను.

అట్లు చూచినచో నేకలవ్యకథ యందలి దూరమును సార్థకమే. కుక్క తనవారి కనుచూపులోనే యుండిన యెడల బాణము లేసినవాఁ డెవ్వఁడో వారు ప్రత్యక్షముగాఁ జూచియుందురు. అది మఱుఁగునకుఁ బోవుటచేతనే విలుకాఁడు కనఁబడక విద్య మాత్రము కనఁబడినది. వెదకి చూడవలసిన యవసర మేర్పడినది. ఆ వెదకుటయే యర్జునుని యసూయకును, ద్రోణుఁడడిగిన దక్షిణకును దారితీసెను.