పెద్దనాయన అరచెయ్యి

మా పెద్దనాయన అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడేది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయించాలనుకున్న వాళ్లు ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. చెప్పులు వదిలి, కాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చేను గట్టు వెంబడి నడిచేవాడు. ఒకచోట కాయ మెల్లగా కదిలి నిటారుగా నిలిచేది. అక్కడ రాయి పెట్టించి "ఈడ వెయ్యండప్పా" అనేవాడు. రూపాయి ముట్టేవాడు కాదు. నీళ్ల జాడ చెప్పి డబ్బు తీసుకుంటే చెయ్యి చచ్చిపోతుందని ఆయన నమ్మకం.

నాకు మూడేళ్లప్పుడు మా నాయన పోతే, ఆయన నన్ను తన పిల్లల్లో కలుపుకొన్నాడు. మా బావిలోనే ఈత నేర్పాడు. నడుముకు ఎండిన బెండు కట్టి, తాడు కొస తను పట్టుకుని మెట్టు మీద కూర్చునేవాడు. పైకొచ్చాక తాడు ఒరుసుకున్న చోట మా పుంగనూరావు వెన్న రాసేవాడు. మూడడుగుల ఎత్తు కూడా లేని ఆవు అది. ఆ జాతి పాలలో ఎనిమిది శాతం దాకా వెన్న ఉంటుందని తర్వాత చదువుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా గ్లాసు మీద కట్టే మందపు మీగడ.

ఎవరు ఎదురైనా ఆయన మొదటి మాట ఒకటే: "మీ పక్క నీళ్లెట్లుండాయి?"

టమోటా డబ్బుతో నన్ను మదనపల్లె బీటీ కాలేజీలో చేర్పించాడు. మార్కెట్లో బాక్సులు దించి, నేరుగా కాలేజీ దగ్గరికొచ్చి, ఆకు పసరుకు నల్లబడిన వేళ్లతో నోట్లు లెక్కబెట్టి ఇచ్చేవాడు. 1919లో టాగూరు ఇక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడని మాస్టార్లు చెబితే, ఆ సంగతి గొప్పగా ఆయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంత పెద్దాయన వచ్చి ఉండినాడంటే అప్పుడు ఈడ నీళ్లు బాగా ఉండేవేమో" అన్నాడు.

ముందు బావి పోయింది. 2002 కరువులో అడుగు రాయి బయటపడింది. తర్వాత బోర్లు. మాది గట్టి రాతి నేల. పైనున్న పొడిరాతి పొరలో, కింద రాతి చీలికల్లో తప్ప నీళ్లు నిలవవు. చీలిక తగిలితే పాతాళగంగ, పదడుగులు తప్పితే దుమ్ము. పడే వాన కంటే తోడే నీళ్లు ఎక్కువైతే చీలికలు మాత్రం ఎన్నాళ్లు నిండుగా ఉంటాయి? ఆయన చూపిన చోటల్లా పైకొచ్చిన నీళ్లలో మా బావి నీళ్లూ ఉన్నాయి. ఆ మాట ఆయనకు తట్టిందో లేదో, నేను మాత్రం ఎన్నడూ ఆయన ముందు అనలేదు.

పంట నిండుగా కాసిన ఏడు ధర లేదు, ధర పలికిన ఏడు నీళ్లు లేవు. కోత కూలి కూడా రాదని ఒక ఏడు కాయల్ని చెట్టు మీదే వదిలేశాడు. ఒక బోరుకు ఎకరా పోయింది, ఇంకో బోరుకు ఇంకో ఎకరా. తొమ్మిదో బోరుకు ఆవును అమ్మాడు. ఆ రాత్రంతా రిగ్గు బండి దగ్గరే ఉన్నాం. తెల్లవారుజామున వెయ్యడుగులు దాటింది. "ఆపేద్దామా పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు. పెద్దనాయన జుట్టు, కనుబొమలు, మీసాలు రాతిపొడితో తెల్లగా అయిపోయాయి. వంగి పిడికెడు పొడి తీసుకుని పిసికాడు. తేమ ఉంటే ముద్ద కట్టాలి. వేళ్ల సందుల్లోంచి అంతా జారిపోయింది. మళ్లీ ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

ఆ తర్వాత కొబ్బరికాయ పట్టలేదు. నీళ్లు చూడమని ఎవరైనా వస్తే చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు.

ఉన్న కాస్తా అమ్మి అప్పులు తీర్చి, కుప్పంలో కూతురింటికి చేరాడు. అల్లుడి ఇంట ఊరికే కూర్చుని తినలేక, ఆ ఊరి వాళ్లెందరో పోయినట్టే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక అపార్టుమెంటుకు కాపలా ఉన్నాడు. వచ్చిన నీళ్ల ట్యాంకర్లను నోటు పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. ఒకరోజు చూడబోతే, ట్యాంకరు పైపు కారుతున్న చోట అరచెయ్యి పట్టి, గుక్కెడు తాగి, "బోరు నీళ్లే రా. యాడో ఎవరి చేనో ఎండతాంటాది" అన్నాడు. చేతిలో మిగిలిన తడిని మొహానికి రాసుకున్నాడు.

2021లో కుప్పంలోనే, నిద్రలో పోయాడు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో రెండొందలకు దగ్గరైందని పేపర్లో చదివి, పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

కుప్పానికి హంద్రీ-నీవా కాలవ తవ్వడం ఆయన చూశాడు, నీళ్లు చూడలేదు. శ్రీశైలం నుంచి 700 కిలోమీటర్లకు పైగా నడిచి కృష్ణమ్మ అక్కడికి చేరిందని 2025 ఆగస్టు చివర తెలిసింది. సెలవు పెట్టి పోయాను. గట్టు మీద చెప్పులు వదిలి, దిగి, అరచెయ్యి ముంచాను. 

"బాగుండాయి పెద్దనాయనా" అన్నాను.