రూట్ రిఫ్లెక్టర్

లాటిన్‌లో ‘రె’ అంటే వెనక్కి, ‘ఫ్లెక్టెరె’ అంటే వంచడం. వాటి నుంచి వచ్చిన రిఫ్లెక్టర్ మనకు సైకిల్ మడ్‌గార్డు మీది ఎర్రబిళ్లగా పరిచయం. 1996 జూన్‌లో టోనీ బేట్స్, రవి చంద్ర రాసిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1966 ఆ పేరును రౌటర్లకూ తగిలించింది.

రౌటర్లు దారుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్ బీజీపీ. ఒకే నెట్‌వర్క్ లోపల నడిచేటప్పుడు దానికి ఒక కట్టుబాటు ఉంది: లోపలి రౌటరు చెప్పిన దారిని మరో లోపలి రౌటరుకు చెప్పకూడదు. దారుల ప్రకటనలు గిరగిరా తిరగకుండా ఈ ఏర్పాటు. దాంతో ప్రతి రౌటరూ మిగతా అన్నిటితో నేరుగా సెషన్ పెట్టుకోవాలి. వంద రౌటర్లకు 4,950 సెషన్లు! రిఫ్లెక్టర్‌గా పెట్టిన రౌటరుకు మాత్రం సడలింపు ఉంది. అది ‘క్లయింట్ల’ నుంచి, అంటే తనకు అప్పగించిన రౌటర్ల నుంచి, విన్నది మిగతావారికి చేరవేస్తుంది. ప్రకటన తిరిగి తన దగ్గరికే వస్తే ఆరిజినేటర్ ఐడీ, క్లస్టర్ లిస్ట్ అనే గుర్తుల్ని బట్టి రౌటరు దాన్ని పట్టేసి పారేస్తుంది.

పేరు ఒకచోట మోసం చేస్తుంది. ఇది వచ్చినదంతా తిప్పి పంపదు. తన స్థానం నుంచి చూసి మేలని ఎంచిన ఒక్క దారినే మామూలుగా పంపుతుంది. రిఫ్లెక్టర్ హైదరాబాద్‌లో, క్లయింటు విశాఖలో ఉంటే, క్లయింటు పక్కనే ఉన్న, నెట్‌వర్క్ బయటికి వెళ్లే ద్వారం వదిలి ట్రాఫిక్ దూరపు ద్వారానికి పోవచ్చు. ఒక్కోసారి రౌటర్ల ఎంపికలకు పొంతన కుదరక ట్రాఫిక్ లూప్‌లో కూడా పడుతుంది. అందుకే రిఫ్లెక్టర్లను లింకుల అమరికను అనుసరించి క్లయింట్లకు దగ్గరగా పెడతారు. ఒకటి పడిపోయినా పని ఆగకుండా ప్రతి క్లయింటుకూ రెండేసి ఇస్తారు. 2016లో ప్రమాణమైన యాడ్-పాత్ అనే బీజీపీ విస్తరణతో ఒకటికి మించి దారులు పంపే వీలు కూడా కలిగింది.