కంభం చెరువు కట్ట: నిర్మాణం, మరమ్మతు, విపత్తు రక్షణ – ఒక చారిత్రక పరిశీలన

గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలను కరువు సీమగా పరిగణించడం పరిపాటి. ఆ సీమ మధ్యనే గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్టిన కంభం చెరువు ఉంది. ఐదు శతాబ్దాలుగా నిలిచిన ఆ కట్టను పూర్వుల నిర్మాణ ప్రతిభకు నిదర్శనంగా ప్రశంసించే రచనలు అనేకం. కట్ట ఎవరు కట్టించారన్న చర్చ జరిగినంతగా, అది తెగకుండా ఎలా నిలిచిందన్న చర్చ జరగలేదు. కట్ట భద్రత కట్టిన నాటితో ముగిసిన విషయం కాదనీ, స్థల నిర్ణయం, శాస్త్ర జ్ఞానం, నిరంతర మరమ్మతు అనే మూడింటి సమాహారమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థల నిర్ణయం

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, గిద్దలూరు మీదుగా కంభం చేరుతుంది. అక్కడ జంపలేరు నీరు కూడా చెరువులోకి వస్తుంది. నది రెండు కొండల నడుమ ఇరుకైన సందులోంచి వెలుపలికి సాగే చోట కట్ట వేశారు. శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) రాణి, గజపతుల ఆడపడుచు అయిన వరదరాజమ్మ దీనిని కట్టించిందని ప్రతీతి. గజపతి రాకుమార్తె పేరు విషయంలో ఆధారాలు ఏకాభిప్రాయంతో లేవు కనుక దీనిని సంప్రదాయ కథనంగానే గ్రహించాలి.

వలస పాలనాకాలపు గెజిటీరు లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. ఇంత విశాలమైన పరీవాహక ప్రాంతపు నీటిని ఆపడానికి కట్టిన కట్ట పొడవు మాత్రం స్వల్పం. కట్ట పొడవు పెరిగిన కొద్దీ కాపలా కాయవలసిన చోట్లు, గండి పడగల చోట్లు పెరుగుతాయి. రెండు కొనలూ కొండను ఆనుకొని ఉన్నప్పుడు ఆ మేరకు ప్రమాదం తగ్గుతుంది. ఇక్కడ భద్రతకు మొదటి ఆధారం రాతి కట్టడం కంటే ముందు జరిగిన స్థల నిర్ణయం.

పోరుమామిళ్ళ శాసన సాక్ష్యం

ఈ నిర్ణయం యాదృచ్ఛికం కాదనడానికి గిద్దలూరుకు దక్షిణంగా, కడప జిల్లాలో ఉన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం తోడ్పడుతుంది. క్రీ.శ. 1369 నాటి ఈ సంస్కృత శాసనం, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు (భవదూరుడు) అనంతరాజ సాగరమనే ఈ చెరువును నిర్మింపజేసిన సందర్భంలోనిది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఇది పేర్కొంటుంది.

అంగాలలో జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, చెరువును ఆనుకొన్న కొండ, ఆ కొండ భాగాల మధ్య మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, నిడుపైన రాళ్ళు దొరికే గని, నిర్మాణ నైపుణ్యం కలిగిన పనివారు ఉన్నారు. కంభం కట్టకు శతాబ్దిన్నర ముందే ఈ సూత్రం శాసనబద్ధమైంది. కంభం నిర్మాతలు ఈ శాసనాన్ని చూశారని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఈ కొండల సీమలో అటువంటి జ్ఞానం ప్రచారంలో ఉన్నదని చెప్పవచ్చు.

దోషాల పట్టిక మరింత గమనింపదగినది: కట్టనుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు కొద్దిగా ఉండి సాగు నేల ఎక్కువ కావడం, నేల కొద్దిగా ఉండి నీరు ఎక్కువ కావడం. మొదటి దోషమే ఊట. మట్టికట్టలు తెగడానికి ఊట ఒక ముఖ్య కారణమని నేటి ఇంజనీరింగు కూడా చెబుతుంది. మూడవది పాలనకు చెందినది. రెండు రాజ్యాల నడుమ ఉన్న చెరువు బాధ్యత ఎవరిదన్న సందేహమే దాని బలహీనత. విపత్తుకు భౌతిక కారణాలతో పాటు పాలనా కారణాలు కూడా ఉంటాయని ఈ పట్టిక గుర్తించింది.

రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్ళు పని సాగిందని శాసనం చెబుతుంది. కట్టించినవారికి పేర్లున్నాయి, కట్టినవారు సంఖ్యగా మాత్రమే మిగిలారు.

మరమ్మతు – హక్కు, వెట్టి

రాయలసీమ, దాని పొరుగు ప్రాంతాలలో చెరువు కట్టించినవారికి ఆయకట్టులో పదో వంతుకు సంబంధించిన ఫలాన్ని ఇనాముగా ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. చెరువును బాగుచేస్తూ ఉండడమే ఆ ఇనాముకు షరతు. మరమ్మతు భారం ఆ విధంగా భూమి హక్కుతో ముడిపడింది. దాత కీర్తి కంటే ఈ షరతే కట్టలకు ఎక్కువ కాపుదల అని చెప్పవచ్చు.

వలస ప్రభుత్వం 1858లో తెచ్చిన మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం మరొక పార్శ్వాన్ని చూపుతుంది. కట్ట తెగే ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామంలోని శ్రామిక వర్గాలను పనికి రప్పించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. వరద ముప్పు ఆయకట్టు రైతుకూ భూమిలేని కూలీకీ సమానమే. నిర్బంధం మాత్రం కూలీ మీదే పడింది. పూర్వపు మరమ్మతు వ్యవస్థను గ్రామ సమష్టి జీవనంగా మాత్రమే వర్ణించే రచనలు ఈ అంశాన్ని విస్మరిస్తున్నాయి. 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం నాటికి మరమ్మతు ప్రధానంగా ప్రభుత్వ శాఖల పని అయింది.

అదే నది, నేటి కట్టడాలు

గుండ్లకమ్మ దిగువన మల్లవరం వద్ద కట్టిన జలాశయంలో 2022 ఆగస్టు చివర ఒక గేటు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తరువాత మరో గేటు కొట్టుకుపోయాయి. కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19న తెగి, పులపుత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు ప్రాణ, ఆస్తి నష్టాలకు గురయ్యాయి. ఒక గేటు పనిచేయలేదన్న విషయం ఆ తరువాత పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది.

వీటిని చూపి పాతవి గొప్పవి, కొత్తవి నాసిరకమని తేల్చడం చరిత్ర పద్ధతి కాదు. తెగిపోయిన పాత చెరువులు నేడు కనబడవు, నిలిచినవే కనబడతాయి. పోల్చవలసినది కట్టడాలను కాదు, వాటి సంరక్షణ వ్యవస్థలను.

కరువు సీమలో ఈ ప్రశ్న మరింత క్లిష్టం. చెరువు నిండని ఏళ్ళు వరుసగా గడిచినప్పుడు అలుగు, తూము, కట్ట మీది పొదలు ఎవరి దృష్టికీ రావు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక్క తుపాను వస్తే అన్నేళ్ళ ఉపేక్ష ఒక్క రాత్రిలో పరీక్షకు వస్తుంది. కనుక ఇక్కడ కరువు, వరద రెండు వేర్వేరు విపత్తులు కావు. మొదటిది రెండవదానికి దారి వేస్తుంది.

ముగింపు

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంస్థ కంభం, పోరుమామిళ్ళ చెరువులను ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించింది. మరుసటి ఏడాది వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు మించిన ఆనకట్టలకు వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీని, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను విధించింది. 57 అడుగుల కంభం కట్ట ఆ పరిమితిని మించినదే. మొదటి గుర్తింపు గతాన్ని గౌరవిస్తే, రెండవది బాధ్యతను నిర్ణయిస్తుంది. పోరుమామిళ్ళ శాసనం ఆరు దోషాలను చెక్కించిన ఉద్దేశం ఈ రెండవదానికే దగ్గర. తనిఖీలో కనబడిన ఊట ఎక్కడ ఉన్నదో కట్ట కింది గ్రామాలకు కూడా తెలిపే ఏర్పాటు జరిగితేనే, కంభం కట్ట చరిత్ర ప్రశంసను దాటి రక్షణకు ఉపకరిస్తుంది.