కీష్

కీష్ ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగంలోని లొరేన్ ప్రాంతానికి చెందిన ఒక వంటకం. ఇది తీపి లేని టార్ట్. మైదా, వెన్న కలిపి చేసిన పలుచని పిండి తొడుగులో, గిలకొట్టిన కోడిగుడ్లు, పాలు లేదా మీగడ కలిపిన మిశ్రమాన్ని పోసి, ఓవెన్‌లో కాల్చి దీనిని తయారు చేస్తారు. మిశ్రమంలో పంది మాంసపు ముక్కలు, ఉల్లిపాయ, పాలకూర, పుట్టగొడుగులు, జున్నుగడ్డ (చీజ్) వంటివి వేయడం వాడుకలో ఉంది. ఫ్రాన్సులో దీనిని మధ్యాహ్న భోజనంలోనో, భోజనానికి ముందు వడ్డించే పదార్థంగానో తింటారు. అమెరికాలో ఉదయపు అల్పాహారంగా, ముఖ్యంగా ఆదివారాలలో ఆలస్యంగా తినే ఫలహారంగా ప్రచారంలోకి వచ్చింది.

కీష్ చూడడానికి బేకరీ వంటకంలా కనబడినా, దానిలో ముఖ్యభాగం గుడ్డు-పాల మిశ్రమమే. ఆ మిశ్రమం ఎలా గట్టిపడుతుందో తెలిస్తే మిగిలినదంతా సులభం.

పేరు, పుట్టుక

కీష్ అనే మాట జర్మన్ భాషలో కేకు అనే అర్థం గల కూహెన్ అనే పదానికి లొరేన్ మాండలికంలోని రూపం నుండి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఫ్రెంచి వంటకానికి జర్మన్ పేరు ఎందుకన్న సందేహానికి ఆ ప్రాంత చరిత్రే సమాధానం. లొరేన్ చాలాకాలం నాన్సీ రాజధానిగా ప్రత్యేక డచీగా ఉండేది. పోలండు మాజీ రాజు, లొరేన్ చివరి డ్యూకు అయిన స్తానిస్లాస్ లెష్చిన్‌స్కీ 1766లో మరణించిన తరువాత అది ఫ్రాన్సులో విలీనమైంది. 1871లో యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోగా ఆల్సాస్‌తో పాటు లొరేన్‌లోని కొంత భాగం జర్మనీకి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం తిరిగి ఫ్రాన్సుకు వచ్చింది. ఆ సరిహద్దు గ్రామాలలో రెండు భాషలూ వినబడేవి కనుక వంటింటి మాటలు కూడా ఇటూ అటూ దాటాయి.

గుడ్లను, పాలను పిండి తొడుగులో పోసి కాల్చడం మాత్రం లొరేన్‌కే పరిమితం కాదు. 14వ శతాబ్దపు ఆంగ్ల వంటల సంకలనం ఫార్మ్ ఆఫ్ క్యూరీలో క్రస్టార్డ్ అనే ఇటువంటి వంటకాలు ఉన్నాయి. పిండి తొడుగును సూచించే క్రస్ట్ అనే మాటకు సంబంధించిన ఆ పేరే క్రమంగా కస్టర్డ్‌గా మారి, తొడుగును వదిలి లోపలి మిశ్రమానికి స్థిరపడింది. నేడు మనం పండ్ల ముక్కలపై పోసుకునే కస్టర్డ్ పేరు వెనుక ఇంత కథ ఉంది.

తొలినాళ్ళలో లొరేన్‌లో కీష్‌ను రొట్టె పిండితోనే చేసేవారు. రొట్టెలు కాల్చే రోజున మిగిలిన పిండిని పలుచగా సాగదీసి, పైన మీగడ, గుడ్లు పోసి అదే పొయ్యిలో పెట్టేవారు. వెన్న కలిపిన పొడిపొడి పిండి తరువాత వచ్చిన మెరుగు.

లొరేన్ కీష్: చీజ్ వివాదం

గుడ్లు, మీగడ, పొగబెట్టిన పంది మాంసపు ముక్కలు (లార్డాన్‌లు), ఉప్పు, మిరియాలు, కొద్దిగా జాజికాయ పొడి. సంప్రదాయ లొరేన్ కీష్‌లో ఉండేవి ఇవే. గుడ్లు, మీగడ కలిపిన మిశ్రమాన్ని అక్కడివారు మిగేన్ అంటారు. ఇందులో చీజ్ ఉండదు. నేడు ఫ్రాన్సులో సైతం దుకాణాలలో అమ్మే లొరేన్ కీష్‌లో తురిమిన చీజ్ తరచుగా కనబడుతుంది. దీనిని ఆ ప్రాంతపు సంప్రదాయవాదులు ఒప్పుకోరు. జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ కలిసి రాసిన మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్ (1961) కూడా అసలైన లొరేన్ కీష్‌లో చీజ్ ఉండదనే చెబుతుంది. చీజ్ వేసిన దానిని వోజ్ కీష్ అని, ఉల్లిపాయలు వేసిన దానిని ఆల్సాస్ కీష్ అని పిలవడం వాడుక. చీజ్ వేయడంలో తప్పేమీ లేదు, దానికి లొరేన్ పేరు పెట్టడం పైనే అభ్యంతరం. మన పులిహోర, పులావు విషయంలోనూ ఇటువంటి పేచీలు లేకపోలేదు.

గట్టిపడే విధానం

తెలుగువారికి ఈ భాగాన్ని వివరించడానికి జున్ను కంటె మంచి ఉదాహరణ లేదు. ఈనిన పశువు మొదటి పాలను ఆవిరిపై ఉడికిస్తే అవి గట్టిపడతాయి. ఆ పాలలో ఎక్కువగా ఉండే మాంసకృత్తులు (ప్రోటీన్లు) వేడికి విప్పుకొని, ఒకదానితో ఒకటి అల్లుకొని వలగా ఏర్పడతాయి. పాలలోని నీరు ఆ వలలో చిక్కుకుంటుంది. జున్ను పాలు దొరకనప్పుడు మామూలు పాలలో కోడిగుడ్లు గిలకొట్టి బెల్లం, మిరియాలు వేసి జున్ను చేసుకోవడం మన ఇళ్ళలో తెలిసినదే. తీపి తీసివేసి ఉప్పు వేస్తే అదే కీష్ లోపలి మిశ్రమం.

గుడ్డులోని తెల్లసొన సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గట్టిపడడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65-70 డిగ్రీల మధ్య చిక్కబడుతుంది. పాలు కలిపినపుడు గుడ్డులోని మాంసకృత్తులు పలచబడి దూరదూరంగా ఉంటాయి కనుక అవి కలుసుకోవడానికి ఎక్కువ వేడి కావాలి. అందువలన మిశ్రమం దాదాపు 80 డిగ్రీల వద్ద గట్టిపడుతుంది. వేడి 85 డిగ్రీలు దాటితే వల మరీ బిగిసిపోయి, పట్టుకున్న నీటిని పిండి బయటకు వదులుతుంది. అప్పుడు కీష్‌లో చిన్న చిన్న రంధ్రాలు పడి, అడుగున నీరు చేరి, పిండి తొడుగు మెత్తబడుతుంది. సరిగా కుదరడానికి, పాడవడానికి మధ్య ఉన్న తేడా అయిదారు డిగ్రీలు మాత్రమే. ఇంట్లో చేసే కీష్ చాలావరకు చెడేది ఇక్కడే.

విద్యార్థులు దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక గుడ్డు, 120 మి.లీ. పాలు, చిటికెడు ఉప్పు కలిపి రెండు చిన్న స్టీలు గిన్నెలలో సగం సగం పోయాలి. ఒకదానిని సన్నని సెగపై ఆవిరిలో, ఇంకొకదానిని పెద్ద మంటపై ఎక్కువసేపు ఉడికించాలి. చల్లారిన తరువాత రెంటినీ చెంచాతో కోసి చూస్తే మొదటిది నున్నగా, రెండవది స్పంజిలా రంధ్రాలతో నీరు ఊరుతూ ఉంటుంది.

పాళ్ళు కూడా ముఖ్యమే. ఒక గుడ్డుకు (సుమారు 50 గ్రా.) 120 మి.లీ. పాలు అన్నది గుర్తుంచుకోదగిన లెక్క. పాలు బాగా తగ్గితే కీష్ ఆమ్లెట్ వలె బిరుసెక్కుతుంది, బాగా పెరిగితే ముక్కలుగా కోయడానికి నిలవదు. పాలు, మీగడ సమానంగా కలిపితే మృదువుగా వస్తుంది. మీగడలోని కొవ్వు మాంసకృత్తుల మధ్య చేరి వల మరీ బిగియకుండా చూస్తుంది. కాచిన పాలపై కట్టిన మీగడను వాడేటప్పుడు పాలతో కలిపి చిలికి, వడగట్టుకోవాలి. లేకపోతే పలుకులు తగులుతాయి. టమాటా వంటి పుల్లని పదార్థాలు మిశ్రమాన్ని త్వరగా విరగ్గొడతాయి కనుక వాటిని మితంగా వాడాలి.

తయారు చేయు విధానం

22 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. లోతు గల పళ్ళేనికి 180 గ్రా. మైదా, 90 గ్రా. చల్లని వెన్న, పావు చెంచా ఉప్పు, మూడు నాలుగు పెద్ద చెంచాల చల్లటి నీరు సరిపోతాయి. బజారులో దొరికే ఉప్పు వెన్న వాడితే పిండిలో వేరుగా ఉప్పు అక్కరలేదు. వెన్నను ముక్కలుగా కోసి మైదాలో వేసి, వేళ్ళ కొసలతో రవ్వలా అయ్యే వరకు నలపాలి. వెన్న పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి, నీరు పోసినప్పుడు జిగురు (గ్లూటెన్) ఎక్కువగా ఏర్పడకుండా అడ్డుకుంటుంది. తొడుగు కరకరలాడుతూ విరగడానికి కారణం ఇదే. చపాతీ పిండిని మర్దించినట్లు దీనిని మర్దించకూడదు, ముద్ద అయితే చాలు. మన వేసవిలో అరచేతి వేడికే వెన్న కరిగిపోతుంది కనుక మైదాను, గిన్నెను కూడా ముందుగా ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పలుచగా ఒత్తి, పళ్ళెంలో అంచుల వరకు పరచాలి.

తొడుగును ముందుగా ఖాళీగా కాల్చడం అవసరం. ఫోర్కుతో అక్కడక్కడ గుచ్చి, పైన కాగితం పరిచి, పొంగకుండా రాజ్మా గింజలో శనగలో పోసి 190 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, గింజలు తీసివేసి మరొక 5-8 నిమిషాలు కాలుస్తారు. ఈ గింజలు తరువాత వంటకు పనికిరావు గాని ఇదే పనికి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

లోపలి మిశ్రమానికి 3 గుడ్లు, 360 మి.లీ. పాలు-మీగడ, ఉప్పు, మిరియాల పొడి చాలు. నురుగు రాకుండా కలపాలి. కూరగాయలు ఏవైనా ముందుగా వేయించి, నీరు ఇంకిపోయాక 150 గ్రాములకు మించకుండా వేయాలి. పాలకూరను ఉడికించి గట్టిగా పిండాలి. పచ్చి కూరలు వేస్తే వాటి నీరంతా మిశ్రమంలోకి దిగి, పైన లెక్కించిన పాళ్ళు తప్పుతాయి. పంది మాంసం తిననివారు వేయించిన ఉల్లిపాయ, పుట్టగొడుగులు వాడవచ్చు. పచ్చిమిర్చి, కొత్తిమీర దీనికి చక్కగా కుదురుతాయి. లొరేన్ వారు ఏమంటారో వేరే సంగతి.

మిశ్రమాన్ని తొడుగులో పోసి 175 డిగ్రీల వద్ద 30-35 నిమిషాలు కాల్చాలి. అంచులు గట్టిపడి, నడుమ కొద్దిగా వణుకుతూ ఉండగానే బయటకు తీయాలి. లోపల మిగిలిన వేడికి నడిమి భాగం తనంతట తానే గట్టిపడుతుంది. 10-15 నిమిషాలు ఆగి కోయాలి.

ఓవెన్ లేనివారు రబ్బరు, వెయిట్ తీసివేసిన కుక్కర్‌లో కేకు చేసినట్లు దీనిని చేయబోతే తొడుగుకు సరైన రంగు, కరకర రావు. అంతకంటె తొడుగు మానివేసి, నూనె రాసిన గిన్నెలో మిశ్రమాన్ని పోసి ఇడ్లీ పాత్రలో సన్నని సెగపై ఆవిరికి ఉడికించడం మంచిది. దానిని కీష్ అనలేము గాని ఉదయపు ఫలహారానికి లోటుండదు. గుడ్డు తినని కొందరు పాశ్చాత్య శాకాహారులు శనగపిండిని నీటిలో కలిపి ఇటువంటి టార్ట్ చేస్తారు. అది గట్టిపడడానికి ముఖ్య కారణం పిండిపదార్థం.

జాగ్రత్తలు

గుడ్డు పెంకుపైనా, ఒక్కొక్కసారి లోపలా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఇది వాంతులు, విరేచనాలు, జ్వరం కలిగిస్తుంది. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు ప్రమాదం ఎక్కువ. గుడ్డు వంటకాలు 71 డిగ్రీల వేడికి చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. కీష్ గట్టిపడేదే అంతకంటె ఎక్కువ వేడి వద్ద కనుక సరిగా ఉడికిన కీష్‌తో ఈ భయం లేదు. అసలు ప్రమాదం వండిన తరువాత వస్తుంది. గుడ్లు, పాలు, తేమ మూడూ ఉన్న ఈ పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటినప్పుడు గంట మాత్రమే. తెలుగు ప్రాంతాలలో సంవత్సరంలో చాలా నెలలకు ఈ రెండవ లెక్కే వర్తిస్తుంది. ఉదయం చేసిన కీష్‌ను పిల్లల మధ్యాహ్నపు టిఫిను డబ్బాలో పెట్టి పంపడం ఈ కారణంగా తగదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. తిరిగి వేడి చేయడానికి మైక్రోవేవ్ వాడితే తొడుగు మెత్తబడుతుంది, ఓవెన్ మేలు.

గోధుమ, గుడ్డు, పాలు పడనివారు దీనిని తినరాదు. కొన్ని రకాల చీజ్ తయారీలో దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్ వాడతారు కనుక శాకాహార నియమం పాటించేవారు పొట్లంపై గుర్తు చూసుకోవాలి.

ఇతర దేశాలలో

ఆంగ్లం మాట్లాడే దేశాలలో కీష్ రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే ప్రచారంలోకి వచ్చింది. బ్రిటన్‌లో ఎలిజబెత్ డేవిడ్ రాసిన ఫ్రెంచ్ ప్రొవిన్షియల్ కుకింగ్ (1960), అమెరికాలో పైన చెప్పిన జూలియా చైల్డ్ పుస్తకం ఇందుకు తోడ్పడ్డాయి. 1982లో బ్రూస్ ఫైర్‌స్టీన్ రాసిన హాస్య పుస్తకం నిజమైన మగవాళ్ళు కీష్ తినరన్న అర్థం వచ్చే పేరుతో వెలువడి బాగా అమ్ముడుపోయింది. 2023 మే 6న జరిగిన బ్రిటన్ రాజు మూడవ చార్లెస్ పట్టాభిషేకానికి పాలకూర, బ్రాడ్ బీన్స్, టారగాన్ ఆకు వేసిన కీష్‌ను ప్రత్యేక వంటకంగా ప్రకటించారు. పొరుగువారంతా కలిసి తినే విందులకు పంచుకోవడానికి అనువైనదని దానిని ఎంచుకున్నారు.

సంబంధిత వంటకాలు

ఇటలీ ఫ్రిట్టాటా, స్పెయిన్ తోర్తియ్యా పిండి తొడుగు లేని గుడ్డు వంటకాలు. వాటిలో పాలు ఉండవు, లేదా చాలా తక్కువ. మన బేకరీలలో దొరికే ఎగ్ పఫ్ కీష్‌కు దూరపు బంధువు మాత్రమే. దానిలో గుడ్డు ముందే ఉడికినది, మసాలా ఉల్లిపాయతో పొరల పిండిలో చుట్టి కాలుస్తారు. ఆ పిండిలో వెన్న లేదా వనస్పతిని నలపరు, మడతల మధ్య పొరలుగా పరుస్తారు. ఓవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరై పొరలను విడదీస్తుంది. హైదరాబాదు విందులలో వడ్డించే నలుచదరపు లుఖ్మీ ఖీమా కూరి నూనెలో వేయించేది, దానిలో గుడ్డు-పాల మిశ్రమం ఉండదు.