విడిపోవటం, కలవటం

1965లో సింగపూరు మలేషియా నుండి విడిపోయింది. దానితో ఇక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాలకు ఒక చిక్కు వచ్చిపడింది. దేశాలు రెండైనాయి గాని సినడు మాత్రం ఒకటే! పదేళ్ల తరువాత, 1975లో, సినడు కూడా రెండైంది.

ప్రెస్బిటేరియన్ పద్ధతిలో బిషప్పు ఉండడు. ఊరి సంఘానికి పెద్దల సభ, దానిపైన ప్రెస్బిటరీ, ఆపైన సినడు. కనుక ఒక సంఘం "మేము వెళ్లిపోతాము" అన్నంత మాత్రాన చాలదు. గుడి ఎవరిది, పాదిరిగారిని పంపేదెవరు అన్న లెక్కలు తేలాలి.

మన తెలుగువారికి ఈ తగవు కొత్తది కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంఘాలు 1908లో కలిసి ఏర్పరచుకున్న ఐక్య సంఘంవారు అందులో చేరారు. దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్యగారు దీనికై ఏళ్ల తరబడి పాటుపడ్డారు. కాని కళ్లారా చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు.

ఆ దోర్నకల్ అధ్యక్ష మండలంలోనే ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అనేకులు చేరమన్నారు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాదిరులను ఒప్పుకోవటానికి వారికి మనసు రాలేదు. మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరిమీదా పాదిరిని రుద్దబోమని కొత్త సంఘం మాట ఇచ్చినా వారు కదలలేదు. నంద్యాల మండలం ఆ సంఘంలో కలిసింది 1970లలోనే.

విడిపోయేవారిని మొండివారని మేము అనము. ఉండిపోయేవారిని పిరికివారనీ అనము. ఇంట్లోంచి వెళ్లినవారి వెనుక గడియ వేయకుండా ఉంటేనే, ఎన్నేళ్లకైనా తిరిగి రావటానికి దారి ఉంటుంది.