ఇంటి కంప్యూటర్‌లో అంతర్గత ఫైర్‌వాల్: ఆన్ చేయు విధానం, పరిమితులు

ఇంటిలో వినియోగించే కంప్యూటర్‌కు ఫైర్‌వాల్‌ను విడిగా కొనుగోలు చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. విండోస్ ఆపరేటింగ్ సిస్టంలో అది 2001 నుండి అంతర్భాగంగానే లభిస్తున్నది. కంప్యూటర్ తానుగా కోరిన సమాచారాన్ని లోనికి అనుమతిస్తూ, కోరకుండా బయటి నుండి వచ్చే అనుసంధాన యత్నాలను నిలిపివేయడం దీని ప్రధాన విధి. ఇట్టి యత్నాలు పోర్టులుగా పిలువబడే సంఖ్యాంకిత ద్వారాల గుండా జరుగుతాయి.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ అది ఆఫ్‌లోనే ఉండేది. దానిని ఆన్ చేసే గడి నెట్‌వర్క్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో ఉండడంతో అనేకులకు దాని ఉనికియే తెలియదు. 2003 జూలై 16న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక లోపాన్ని సవరించే ప్యాచ్‌ను విడుదల చేయగా, నెల తిరగకముందే ఆగస్టు 11న అదే లోపం ఆధారంగా బ్లాస్టర్ వర్మ్ వ్యాపించింది. ఏ ఫైలూ తెరవకపోయినా, ఇంటర్నెట్‌కు కలిపినంత మాత్రాననే 135వ పోర్టు ద్వారా అది లోనికి ప్రవేశించేది. 60 సెకన్లలో మూతపడనున్నదన్న హెచ్చరికతో కంప్యూటర్ పదే పదే ఆగిపోతుండడంతో ప్యాచ్‌ను దించుకొనుటకు సైతం వ్యవధి చిక్కేది కాదు. తొలుత ఫైర్‌వాల్‌ను ఆన్ చేసి, ఆ పిదప ప్యాచ్ దించుకొనడమే నాటి పరిష్కారం. కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్ విషయంలో ఈ వరుస నేటికీ పాటించదగినదే. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుండి ఫైర్‌వాల్ ముందుగానే ఆన్ అయి ఉంటున్నది.

విండోస్ 10, 11లలో స్టార్ట్ మెనూ నుండి విండోస్ సెక్యూరిటీని తెరచి, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్‌ను ఎంచుకొనవలెను. అక్కడ కనిపించే డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అనే మూడింటిలో ఒక్కొక్కదానిని తెరచి మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫైర్‌వాల్‌ను ఆన్ చేయవలెను. ఇందుకు అడ్మినిస్ట్రేటర్ హోదా అవసరం. వేరొక కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్ ఉన్నచో ఫైర్‌వాల్ బాధ్యతను అదే నిర్వహిస్తూ ఉండవచ్చును. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఈ మీటలు మార్చుటకు వీలులేకుండా ఉంటే అది లోపం కాదు, కార్యాలయ నియంత్రణ. మ్యాక్ కంప్యూటర్లలోనూ, ఉబుంటులోనూ ఫైర్‌వాల్ సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది కనుక వినియోగదారులే ఆన్ చేసుకొనవలసి ఉంటుంది.

రైల్వే స్టేషన్లు, హోటళ్లు, సమావేశ మందిరాలలోని వైఫైకి కలిపినప్పుడు పబ్లిక్ నెట్‌వర్క్‌ను ఎంచుకొనడం శ్రేయస్కరం. విలేకరులు, పర్యటనలలో ఉండే అధికారులు దీనిని ప్రత్యేకించి గమనించవలెను. ప్రింటర్ పనిచేయలేదనో, ఒక ప్రోగ్రాం అనుసంధానం కాలేదనో ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపివేయడం పరిపాటి అయినది. తిరిగి ఆన్ చేయడం మాత్రం అరుదు. అట్టి సందర్భంలో అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్ అనే అవకాశం ద్వారా ఆ ఒక్క ప్రోగ్రాంకే అనుమతి ఇచ్చిన సరిపోతుంది.

కాగా, వినియోగదారుడే తెరచిన ఈమెయిల్ జోడింపును గాని, నకిలీ వెబ్‌సైట్‌లో స్వయంగా ఇచ్చిన పాస్‌వర్డును గాని ఫైర్‌వాల్ కాపాడజాలదు. ఫైళ్లు పంచుకొనుటకు తెరచి ఉంచిన 445వ పోర్టు ద్వారానే 2017 మే 12న వానాక్రై వ్యాపించింది. దానిని అడ్డుకొనే ప్యాచ్ మార్చి 14ననే విడుదలైనప్పటికీ వేయని కంప్యూటర్లు ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం వాటిలో ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. అట్టి కంప్యూటర్లలో ఫైర్‌వాల్ పనిచేస్తున్నప్పటికీ, మద్దతు లేనందున కొత్తగా బయటపడే లోపాలు పూడవు.

నిర్దేశిత సైబర్ భద్రతా ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్ సంస్థకు తెలియజేయవలెనని 2022 ఏప్రిల్ 28న వెలువడిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు, కంపెనీలకు వర్తిస్తాయి.